పాత కారు పలుకు

రెండు నెలలుగా ఈ పేజీలో ఒక్క అక్షరమూ రాయలేదు. ఏమైపోయావని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు కూడాను. పుస్తకాల వల్లో పరీక్షల వల్లో కాదు, ఒక చప్పుడు వల్ల ఆగిపోయాను. ఆ చప్పుడు మా ఇంటి అంబాసిడర్‌ది. దాని వెంటపడి పోతే కిషన్‌బాగ్ తగిలింది, కిషన్‌బాగ్ వెంట నూట ముప్ఫై ఏళ్ల చరిత్ర తగిలింది. కార్లంటే గిట్టనివాళ్లు కూడా కాస్త ఓపిక పట్టి చదవవలసిందిగా మనవి. ఇది కారు గురించిన టపాయే అయినా, కారు గురించి మాత్రమే కాదు.

మా నాన్నగారు ఆ కారును 1967లో కొన్నారు. పాలమీగడ రంగు, స్టీరింగు పక్కన గేరు కర్ర, ముందు సీటు మంచంలాగా ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకటే. నాన్నగారు పోయాక అది నా పాలబడింది. పాలబడింది అంటున్నాను గానీ, నిజానికి ఇంట్లో ఎవరూ వద్దన్నారు కాబట్టి నాకు మిగిలింది. వారానికొకసారి తీసి నాలుగు వీధులు తిప్పి మళ్లీ పెట్టేవాణ్ణి. ఆరేడేళ్లు అలా గడిచాక మూడు రకాల చప్పుళ్లు మొదలయ్యాయి. మొదటి గేరులో పోతుంటే ఊళ పెట్టినట్టు ఒక కూత. క్లచ్చి నొక్కగానే సుద్దముక్కతో పలక మీద గీసినట్టు ఒక కీచు. ఆగివున్న బండిని మొదటి గేరులోకి వేయబోతే కర్రుమని ఒక కొరుకుడు.

కొత్త నగరం వైపు ఉన్న ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోయాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడు, పని తెలిసినవాడే. ఒక చుట్టు నడిపి చూసి, ‘సార్, గేర్‌బాక్సు పూర్తిగా పోయింది’ అన్నాడు. దీనికి సామాను దొరకదు, కొత్త తరం ఐదు గేర్ల పెట్టె ఒకటి తెచ్చి బిగిస్తే హాయిగా ఉంటుందన్నాడు. అతని లెక్క తప్పుపట్టలేం. అతను చూసే కార్లలో గేర్ల పెట్టె మాట్లాడదు. మాట్లాడితే జబ్బే. నేను సరేనన్నాను. సోమవారం బండి అప్పగించేట్టు ఒప్పుకుని ఇంటికి వచ్చాను.

ఆదివారం మా బాబాయి భోజనానికి వచ్చి సంగతి విన్నారు. ‘మీ నాన్న ముప్ఫై ఏళ్లు ఆ బండిని కిషన్‌బాగ్‌లోనే చూపించాడురా. పెట్టె విప్పించే ముందు ఒక్కసారి అక్కడ వినిపించు’ అన్నారు. చూపించు అనలేదు, వినిపించు అన్నారు. ఆ మాట నాకప్పుడు పట్టలేదు.

కిషన్‌బాగ్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పురానాపూల్ అని మనం పిలిచే పాత వంతెన 1578 నాటిది. దాని పక్కనున్న వంతెన మీద మూసీ దాటి, బహదూర్‌పురా వైపు తిరిగితే, 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల, దాని వెనక 19వ శతాబ్ది తొలి ఏళ్లలో కట్టిన మీరాలం చెరువు. ఆ చుట్టుపక్కలనే కిషన్‌బాగ్. కిషన్ అంటే కృష్ణుడు, బాగ్ అంటే తోట. కృష్ణుడి కోవెల పేరు మోసే పేటలో ఉర్దూ మాట్లాడే ఉస్తాదులు, తెలుగు మాట్లాడే లారీ యజమానులు, ఇద్దరికీ అర్థమయ్యే ఇనుప సామాను. ఆ దగ్గరలోనే, బహదూర్‌పురాలో, 2010లో సుధాకర్ గారి చేతి కార్ల ప్రదర్శనశాల తెరుచుకున్నది. బూటు ఆకారంలో, బంతి ఆకారంలో, పెన్ను ఆకారంలో ఇంజను కట్టి నడిపే బండ్లు చేసిన మనిషి ఆయన. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. తుక్కులోంచి బండిని తీయగల చేతులు ఆ ప్రాంతంలో కొత్తేమీ కాదని చెప్పడానికే ఇదంతా.

నేను వెళ్లిన షెడ్డు మాత్రం బోర్డు లేనిది. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, వేపచెట్టు కింద ఒక నులకమంచం. ఆ మంచం మీది పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. పేరు రాయను, ఆయనకు ఇష్టం ఉండదు. నేను చాచా అన్నాను, ఆయన నన్ను సాబ్ అన్నారు. బండి గేటులోకి వస్తుండగానే, ఇంకా నేను దిగకముందే, ఆయన అన్న మొదటి మాట ఇది: ‘గాడీ వహీ హై, చలానేవాలా బదల్ గయా.’ బండి అదేనట, నడిపేవాడు మారాడట.

ఆ మాట అర్థం కావాలంటే కథ కొంచెం వెనకనుంచి చెప్పాలి.

పెట్రోలు ఇంజనుకు పుట్టుకతో ఒక లోపం ఉంది. ఆవిరి ఇంజను నిలబడి ఉన్నచోటునుంచే బలం చూపగలదు. విద్యుత్తు మోటారూ అంతే. పెట్రోలు ఇంజను అలా కాదు, తిరుగుతూ ఉంటేనే దానికి బలం. ఆగిన చక్రాలకు దాన్ని నేరుగా తగిలిస్తే ఇంజనే ఆగిపోతుంది. కాబట్టి తిరిగేదానికీ ఆగినదానికీ మధ్య మెల్లగా చెయ్యి కలిపే మధ్యవర్తి ఒకరు కావాలి. అదే క్లచ్చి. ఎత్తుకు ఒక తీరు, పల్లానికి ఒక తీరు చక్రాలను తిప్పడానికి గేర్లు కావాలి. ఫ్రాన్సులో పానార్ లెవసార్ కంపెనీ 1891 ప్రాంతంలో ముందు ఇంజను, వెనక క్లచ్చి, దాని వెనక జరిపే గేర్ల పెట్టె, చివర వెనక చక్రాలు అనే వరసను స్థిరపరిచింది. మా అంబాసిడర్ దాకా వచ్చిన వరస అదే.

ఆ జరిపే గేర్ల పద్ధతి మొరటుది. రెండు పళ్ల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే ఒకదాన్ని పక్కకు జరిపి రెండోదాని పళ్లలోకి తొయ్యడం. వేగాలు కలిస్తే జారిపోతుంది. కలవకపోతే కర్రుమంటుంది. పళ్లు కూడా ఇరుసుకు సమాంతరంగా నిటారుగా కోసినవి. ఒక్కో పన్ను మొత్తం వెడల్పు ఒక్కసారిగా వచ్చి ఎదుటి పన్నును తాకుతుంది. నిమిషానికి వేలసార్లు అలా తాకితే వచ్చే కూతే ఆనాటి కార్ల గొంతు. పళ్లను ఏటవాలుగా కోస్తే ఒక కొసనుంచి మెల్లగా ఆనుకుంటూ పోతాయి, చప్పుడు తగ్గుతుంది. కానీ ఏటవాలు పళ్లు ఇరుసును పక్కకు నెడతాయి. జరిపి కలిపే గేర్లకు అవి అంత వీలు కావు. అందుకని చాలా ఏళ్లు చప్పుడును భరించారు.

చప్పుడునుంచి తప్పించుకోవడానికి మనుషులు పట్టిన దారులు చూస్తే ముచ్చటేస్తుంది. లూయీ రెనో 1899లో పేటెంటు పొందిన ఏర్పాటులో పై గేరుకు పళ్లతో పనే లేదు. ఇంజను ఇరుసు, చక్రాలకు పోయే ఇరుసు నేరుగా కలిసిపోతాయి. అందుకే పాత కార్లన్నీ పై గేరులో మౌనంగా ఉంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది. ఫోర్డు కంపెనీ 1908నుంచి 1927దాకా చేసిన మోడల్ టి కారులో గేర్లను జరపడమే మానేశారు. ఎప్పుడూ కలిసివుండే పళ్ల చక్రాల చుట్టూ పట్టీలు బిగించి, కాలితో తొక్కి నడిపించారు. రోల్స్‌రాయిస్ వారిది మరో దారి. ఇంజనునే అంత మెత్తగా, అంత బలంగా చేస్తే అసలు గేరు మార్చే అవసరమే రాదు కదా అని. 1911లో ఒక సిల్వర్ ఘోస్ట్ కారును లండన్‌నుంచి ఎడింబరోదాకా పై గేరులోనే నడిపి చూపించారు. అది ఇంజను గొప్ప అని లోకం మెచ్చుకున్నది. గేర్ల పెట్టె మీద ఆ కాలానికి ఉన్న భయం కూడా అందులో నాకు వినిపిస్తుంది.

ఆ సిల్వర్ ఘోస్ట్ జాతి కారే మన ఊరికీ వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని చేయించమని ఆనతిచ్చి, అది చేతికి రాకముందే 1911 ఆగస్టులో కన్నుమూశారు. వచ్చిన కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలోకి వచ్చింది. పసుపుపచ్చని ఒళ్లు, వెనక సింహాసనంలాంటి ఎత్తయిన ఆసనం. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. ఆరు సిలిండర్లు, 7,428 ఘన సెంటీమీటర్లు. చూసినవాళ్లందరూ బంగారు పూత గురించి మాట్లాడతారు. నేను ఈసారి వెళ్లినప్పుడు దాని అడుగు చూడాలని ఒంగి, కాపలా మనిషి చేత మాటపడ్డాను.

ఆ కాలపు క్లచ్చి మనం ఇప్పుడనుకునే పళ్లెం కాదు, తోలు తొడిగిన శంకువు. బొంగరంలాంటి ఆ శంకువు ఫ్లైవీలులోని గుంటలోకి ఒదిగి పట్టుకుంటుంది. తోలు ఎండితే ఒక్కసారిగా పట్టుకుని బండి గంతేస్తుంది. నూనె తగిలితే జారిపోతుంది. ఎండిన తోలుకు ఆముదంలాంటి నూనె పట్టించేవారు. జారే తోలు మీద ముల్తానీ మట్టి చల్లేవారు. మన ఆడవాళ్లు మొహానికి రాసుకునేదే అది, నూనెను పీల్చే గుణం రెండుచోట్లా ఒక్కటే. ఆముదమూ ముల్తానీ మట్టీ దగ్గర పెట్టుకుని కారు నడిపిన ఆ తరం డ్రైవర్లకు, కారు ఒక జంతువులాంటిదన్న భావన ఉండేదంటే వింత లేదు.

1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లకు సింక్రోమెష్ వచ్చింది. గేర్లు కలిసే ముందు ఒక కంచు శంకువు రాసుకుని రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది. ఆ తరువాతే పళ్లు కలుస్తాయి. అంతవరకూ డ్రైవరు చెవి చేసిన పనిని ఒక కంచు ఉంగరం చేయసాగింది. రోల్స్‌రాయిస్ కార్లలోకి అది 1932లో వచ్చింది, అదీ పై రెండు గేర్లకే. సరిగ్గా ఆ ఏడాది జూన్‌లోనే నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. మన ఆర్టీసీకి మూలపురుషుడు అదే. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి నేటికీ హైదరాబాదులో భద్రంగా ఉంది. ఆ బస్సులు నడిపినవాళ్లకు కంచు ఉంగరాల సాయం లేదు. గేరు తగ్గించాలంటే క్లచ్చి నొక్కి గేరు తీసి, క్లచ్చి వదిలి కొంచెం రేసు ఇచ్చి, మళ్లీ నొక్కి కింది గేరు వెయ్యాలి. ఎంత రేసు ఇవ్వాలో చెప్పే ముల్లు ఏదీ లేదు. చెవే ప్రమాణం.

ఇక మా అంబాసిడర్. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో వరస కారును బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివరనుంచి అంబాసిడర్ పేరుతో చేశారు. 2014 మేలో అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. మా బండి తరం గేర్ల పెట్టెలో నాలుగు ముందు గేర్లు. రెండు, మూడు, నాలుగులకు సింక్రోమెష్ ఉంది. మొదటి గేరుకు లేదు. పైగా మొదటి గేరుకూ వెనక గేరుకూ నిటారు పళ్లే. అంటే ఏమిటి? 1967లో మా నాన్నగారు కొన్న కారులో పై మూడు గేర్లు 1930ల తరవాతివి, మొదటి గేరు మాత్రం లెవసార్ కాలానిది. ఒకే పెట్టెలో రెండు యుగాలు.

చాచాకు ఈ పేర్లూ ఏళ్లూ తెలియవు. తెలియవలసిన అవసరమూ లేదు. ఆయన చేసింది ఇది.

చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టించి, హ్యాండ్‌బ్రేకు లాగించి, బండిని న్యూట్రల్‌లో స్టార్టు చేయించారు. క్లచ్చి మీదనుంచి కాలు పూర్తిగా తీసేయమన్నారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను గేర్ల పెట్టెకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నారు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితం గొట్టంగా చుట్టి రోగి గుండె విన్నాడని చదువుకున్నాం కదా, అదే విద్య. న్యూట్రల్‌లో బండి కదలకపోయినా పెట్టెలోపల సగం భాగం తిరుగుతూనే ఉంటుంది. క్లచ్చినుంచి వచ్చే ఇరుసు, దానితో పళ్లు కలిపిన కింది షాఫ్టు. వాటి బేరింగులు అరిగితే ఈ స్థితిలోనే గరగర వినిపించాలి, క్లచ్చి నొక్కగానే ఆ గరగర ఆగాలి. మా బండిలో గరగర లేదు.

తరవాత, క్లచ్చిని బొటనవేలితో తాకినట్టు మెల్లగా నొక్కమన్నారు. పెడలు అలా కదిలిందో లేదో కీచు వచ్చేసింది. అక్కడే ఆపమన్నారు. తాకగానే మొదలైతే అది రిలీజ్ బేరింగు. పూర్తిగా అడుగుదాకా నొక్కి, లోపలి ఇరుసు నిలిచిపోయాక మాత్రమే వస్తే అది క్రాంకు కొసలో ఉండే పైలట్ బుష్. రెండూ క్లచ్చి నొక్కినప్పుడే పలుకుతాయి, కానీ మొదటిది తాకిన క్షణాన, రెండోది ఇరుసు ఆగిన క్షణాన. ఈ తేడా నాకు ఏ పుస్తకమూ ఇంత సులువుగా చెప్పలేదు.

మూడోది, కొరుకుడు. క్లచ్చి పూర్తిగా నొక్కి, అయిదు లెక్కపెట్టి, అప్పుడు మొదటి గేరు వెయ్యమన్నారు. మెత్తగా పడింది. లెక్కపెట్టకుండా వెంటనే వేస్తే కర్రుమంది. అంటే క్లచ్చి బాగానే విడుస్తున్నది. లోపలి ఇరుసు ఆగేలోగా నేనే తొందరపడుతున్నాను. ఎంతసేపు ఆగినా కొరికితే అప్పుడు క్లచ్చి పూర్తిగా విడవడం లేదని, ప్లేటు వంగిందో, బుష్ పట్టేసిందో, పెడలునుంచి ఫోర్కుదాకా ఎక్కడో ఆట ఎక్కువైందో చూసుకోవాలని అర్థం. ఆగే ఓపిక లేనివాడికి ఒక చిట్కా చెప్పారు. ముందు రెండో గేరువైపు ఒక్కసారి నెట్టి, అక్కడినుంచి మొదటి గేరులోకి తేవాలి. రెండో గేరు కంచు ఉంగరం లోపలి ఇరుసును ఆపిపెడుతుంది. ఒక యుగం చేత ఇంకో యుగానికి సేవ చేయించడమన్నమాట.

ఆపైన జూపార్కు గోడవెంట ఒక చుట్టు తిప్పాం. మొదటి గేరులో ఊళ. రెండులో తగ్గింది. మూడులో ఇంకా తగ్గింది. నాలుగులో నిశ్శబ్దం. రెండులోనూ మూడులోనూ కూడా గట్టిగా మోగి నాలుగులో మాత్రమే మాయమైతే కింది షాఫ్టు గేర్లనో దాని బేరింగులనో అనుమానించాలి, ఎందుకంటే నాలుగో గేరులో బలం ఆ షాఫ్టు మీదుగా పోదు. రెనో చేసిన మేలు ఇక్కడ పరీక్షగా పనికొస్తుందన్నమాట. నాలుగులోనూ మోత ఉండి, గేరు తీసి బండిని ఊరికే దొర్లనిచ్చినా అదే మోత ఉంటే, అది పెట్టెది కాదు. వెనక కిరీటపు చక్రమూ పినియనూ, లేకపోతే చక్రాల బేరింగులు. బండి ఎత్తుకునేటప్పుడూ వదిలేటప్పుడూ టక్కుమని ఒక దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు. మా బండికి ఇవేవీ లేవు. గేరు కర్రనుంచి పెట్టెదాకా పోయే కడ్డీల బుష్‌లు అరిగి కొంచెం గలగలమంటున్నాయి, అంతే.

వెనక్కి వచ్చాక అడిగాను, మరి మొదటి గేరు ఊళ సంగతేమిటని. చాచా నవ్వారు. ‘వో బీమారీ నహీఁ సాబ్. పైదాయిషీ ఆవాజ్ హై.’ అది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన గొంతు. కారు కొత్తగా ఉన్నప్పుడూ ఆ ఊళ ఉండేది, మీ నాన్నగారికి తెలుసు, మీరు వెనక సీట్లో నిద్రపోతూ ఉండేవారేమో అన్నారు. నిజమే. చిన్నప్పుడు సెలవులకు ఊరు బయలుదేరేటప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వినిపించే ఆ కూత నాకు బాగా తెలుసు. దాన్ని ప్రయాణపు చప్పుడు అనుకున్నాను గానీ, గేరు చప్పుడు అనుకోలేదు. ముప్ఫై ఏళ్లు కొత్త కార్లలో తిరిగిన చెవితో విన్నప్పుడు అదే కూత రోగంలాగా తోచింది.

ఇక కీచు. అది మాత్రం జబ్బే. ఆ జబ్బు ఎవరిదో తెలియడానికి రెండు రోజులు పట్టింది. పెట్టెను దింపి, క్లచ్చి బయటికి తీశారు. దుమ్మును గాలి గొట్టంతో ఊదబోయిన శిష్యుణ్ణి చాచా కసిరి, తడిగుడ్డతో తుడిపించారు. పాత ప్లేట్ల లైనింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. మీలో ఎవరైనా పాత బండి విప్పితే ఈ ఒక్క జాగ్రత్తా మరవకండి.

ఆ తరం అంబాసిడర్‌లో రిలీజ్ బేరింగు అంటే గుండ్ల బేరింగు కాదు. ఇనుప గిన్నెలో బిగించిన ఒక కార్బన్ ఉంగరం. షెడ్డులో దాన్ని ఊరికే కార్బన్ అంటారు. క్లచ్చి నొక్కినప్పుడు అది వెళ్లి తిరుగుతున్న పళ్లానికి ఆనుతుంది, ఆ పళ్లెం మూడు ఫింగర్లను నొక్కుతుంది, ఫింగర్లు ప్రెషర్ ప్లేటును వెనక్కి లాగుతాయి. నొక్కినంతసేపే రాపిడి. కాలు తీసేస్తే రాపిడి లేదు. అలా వాడితే ఏళ్లతరబడి వస్తుంది. మాది గిన్నె అంచుదాకా అరిగిపోయింది, ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. చాచా దాన్ని నా అరచేతిలో పెట్టి, నా ఎడమ కాలువైపు చూశారు.

నాకు అర్థమైంది. కారు నడుపుతున్నంతసేపూ ఎడమ కాలును క్లచ్చి మీద ఆనించి ఉంచడం నా అలవాటు. నొక్కను, ఊరికే ఆనిస్తాను. ఆ కాస్త బరువుకే కార్బన్ వెళ్లి పళ్లానికి తగులుతుంది, నడిచినంత దూరమూ అరుగుతూనే ఉంటుంది. బండి గేటులోకి వస్తున్నప్పుడు, నేను గేరు మార్చని సమయంలో కూడా కీచు సన్నగా పలుకుతున్నది చాచా విన్నారు. అందుకే నడిపేవాడు మారాడన్నారు. నాకు కారు నేర్పుతూ నాన్నగారు ఎన్నిసార్లు అన్నారో, ‘అది కాళ్లు పెట్టుకునే పీట కాదురా’ అని. ఆయన ఉన్నప్పుడు అది నస అనుకున్నాను. ఇంతకాలానికి ఆ మాట కార్బన్ ముక్కగా నా చేతికి వచ్చింది.

కొత్త కార్బన్ వేశారు, ప్లేటు ఎలాగూ విప్పారు కాబట్టి అదీ మార్చారు, పైలట్ బుష్ బాగానే ఉందన్నారు, కర్ర బుష్‌లు లేత్ మీద తిప్పించారు. గేర్ల పెట్టెను విప్పనేలేదు. సోమవారం నాడు నేను ఆ వర్క్‌షాపుకు బండి అప్పగించి ఉంటే, అరవై ఏళ్లకు చేరువైన ఒక ఆరోగ్యవంతమైన పెట్టె తుక్కుకు పోయేది. కొత్త పెట్టె వచ్చినా నా ఎడమ కాలు మాత్రం అక్కడే ఉండేది. కొన్నాళ్లకు కొత్త కీచు మొదలయ్యేది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. వింటేజ్ అన్న మాటకు ఇంగ్లండులో 1934లో పుట్టిన క్లబ్బువారి లెక్క ప్రకారం 1930 చివరిలోగా తయారైన కారే వింటేజ్. ఆ లెక్కన నిజాం కారు ఇంకా పాతది, మా అంబాసిడర్ నిన్నటి పిల్ల. మన దేశంలో 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మాత్రం మొదటి రిజిస్ట్రేషను అయి యాభై ఏళ్లు దాటి, చాసీ, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అసలు రూపం అని చట్టం అంటున్నది కంటికి కనిపించే రూపం. అసలు గొంతు అనేది కూడా ఒకటుందని కిషన్‌బాగ్‌లో తెలుసుకున్నాను. పుట్టు గొంతేదో, రోగపు గొంతేదో విడదీయాలంటే యంత్రం ఒక్కటీ తెలిస్తే చాలదు, దాని చరిత్ర తెలియాలి. ఆ కుర్రవాడికి లేనిది తెలివి కాదు, ఈ చరిత్ర. నాకూ లేదు. ఉన్న మనిషి నులకమంచం మీద ఉన్నారు.

ఇక్కడే నాకు దిగులు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి పూనికతో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయపదాలతో, 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. ఊరూరా తిరిగి, నాగలి పట్టినవాణ్ణీ మగ్గం మీద కూచున్నవాణ్ణీ అడిగి రాసుకున్న మాటలవి. ట్రాక్టర్లూ మరమగ్గాలూ వచ్చాక ఆ మాటల్లో ఎన్నో ఇవాళ ఆ పుస్తకాల్లోనే బతికున్నాయి. షెడ్డు మాటలకూ అలాంటి సంపుటం ఒకటి కావాలి. కార్బన్, ఫింగరు, క్రాసు, రేసు, పైదాయిషీ ఆవాజ్. ఇందులో తెలుగెంత, ఉర్దూ ఎంత, ఇంగ్లీషు ఎంత అని తూచబోతే తక్కెడ విరుగుతుంది. కానీ ఆ మాటలతోపాటు వాటి వెనకున్న వినికిడి కూడా పోతుంది. తాకగానే పలికేదానికీ, ఆగాక పలికేదానికీ తేడా చెప్పగల వినికిడి. చాచా కొడుకులిద్దరూ వేరే పనుల్లో ఉన్నారు. ఆ కసురు తిన్న శిష్యుడు ఒక్కడున్నాడు.

నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. నెలకు రెండు శనివారాలు కిషన్‌బాగ్ వెళ్లి, మంచం పక్కన స్టూలు వేసుకుని, వచ్చే బండ్లు ఏమంటున్నాయో, ఆయన ఏమంటున్నారో రాసుకుంటున్నాను. ఇప్పటికి నలభై మాటలయ్యాయి. మీ ఊళ్లో ఇలాంటి షెడ్డు ఉంటే, అక్కడ ఏ చప్పుడును ఏమంటారో మీరూ రాసి పెట్టండి. ఏలూరు మాట, కర్నూలు మాట, కరీంనగర్ మాట పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొన్న శనివారం ఇంటికి తిరిగి వస్తుంటే వంతెన దగ్గర ట్రాఫిక్కులో బండి ఆగింది. క్లచ్చి నొక్కి, అయిదు లెక్కపెట్టి, మొదటి గేరు వేశాను. కీచు లేదు, కొరుకుడు లేదు. బండి కదిలాక పెడలు వదిలి, ఎడమ కాలు తీసి నేల మీద పెట్టాను. ఊళ మాత్రం వచ్చింది. పక్క ఆటోవాడు తొంగిచూసి, ‘సార్, మీ గేర్‌బాక్సు పోయినట్టుంది’ అన్నాడు. లేదు బాబూ, అది పుట్టుకతో వచ్చిందని చెప్పేలోగా లైటు మారింది.